తాడు వదిలినవాడి చెల్లెలు

నలభై ఎనిమిదో ఏట లాలికి నవ్వు రావడం మానేసింది.

జ్వరమొస్తే గోలీ ఉంది. నడుము నొప్పికి పూసుకునే మందుంది. నవ్వు రాకపోతే ఏం చేయాలో ఎవరికి తెలుసు? అయినా లాలి జనగామ దవాఖానకు పోయి, చీటీ రాయించుకుని, వరసలో నిలబడి, డాక్టరమ్మ ముందు కూర్చుంది. ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడెక్కుతోందనీ, మధ్యాహ్నం కూర్చున్న చోటే కన్ను అంటుకుంటోందనీ, ఆ కునుకులో ఎప్పుడూ ఒకటే కల వస్తోందనీ చెప్పింది. నవ్వు సంగతి మాత్రం చివర్లో, లేచి నిలబడ్డాక చెప్పింది. డాక్టరమ్మ పరీక్షల కాగితాలు తిరగేసి, ఈ వయసులో ఇదంతా మామూలేననీ, అన్నీ బాగానే ఉన్నాయనీ అంది.

"అన్నీ మంచిగనే ఉంటే మరి నేనెందుకు మంచిగ లేనమ్మా?" అంది లాలి.

డాక్టరమ్మ నవ్వింది. పక్కనున్న నర్సు నవ్వింది. వరసలో వెనకున్న ముసలాయన పళ్ళు లేని నోటితో నవ్వాడు. లాలికి మాత్రం రాలేదు. అందరికీ వడ్డించి, చివరికి గిన్నె గీక్కుంటే తనకేమీ మిగలని మనిషిలా బయటికి వచ్చింది.

వడ్డించడమే ఆమె పని. జనగామలోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో పదిహేనేళ్ళుగా వంట చేస్తోంది. భర్త సోమ్లా పత్తి మార్కెట్లో హమాలీ. కొడుకు ప్రేమ్‌చంద్ భూపాలపల్లిలో లారీ నడుపుతాడు. అత్తగారి తండా లింగాల ఘనపూర్ పక్కన, పుట్టిన తండా మహబూబాబాద్ పక్కన. జనగామలోనూ రెండు తండాల్లోనూ ఆమెను ఎరగనివాళ్ళు లేరు. ఎందుకంటే లాలి నోరు తెరిస్తే ఎదుటివాడి పొట్ట చెక్కలు కావాల్సిందే.

రాసుకుని, నేర్చుకుని చెప్పే మాటలు కావవి. అప్పటికప్పుడు పుట్టేవి. ఒకసారి హాస్టల్ చూడ్డానికి వచ్చిన అధికారి, సాంబారు ఇంత పలచగా ఉందేమిటని కసురుకున్నాడు. "అది సాంబారు కాదు సారూ, అద్దం. పిల్లలు అండ్ల మొకం చూసుకొని జడలేసుకుంటరు" అంది లాలి. ఆయన నవ్వాపుకోలేకపోయాడు. మరుసటి నెల నుంచి పప్పు కోటా పెరిగింది. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారిని ఆటపట్టిస్తూ పాటలు కట్టడానికి ఆమెను పిలుచుకుపోయేవారు. మీసానికి రంగేసుకొచ్చిన పెళ్ళికొడుకు మేనమామను చూసి, "మీసానికి రంగేసినవ్ మామా, మోకాళ్ళకేం ఏస్తవ్?" అని రాగం తీస్తే ఆ మేనమామే ముందు పడీ పడీ నవ్వాడు.

కానీ ఎన్ని చెప్పినా జనం చివరికి అడిగేది ఒక్కటే. "లాలక్కా, ఎద్దు కథ చెప్పు!"

ఆ కథ అర్థం కావాలంటే వాళ్ళింటి రివాజు తెలియాలి. లంబాడీ తండాలో ఆడపిల్ల అత్తారింటికి ఊరికే కదలదు. ఒక్కొక్కరి మెడా పట్టుకుని, వాళ్ళ మీద అక్కడికక్కడే మాటలల్లుకుంటూ, రాగం తీసి ఏడుస్తుంది. ఢావ్లో అంటారు దాన్ని. తర్వాత ముస్తాబు చేసిన ఎద్దు మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి తండాకు సెలవు చెబుతుంది. లాలి వాళ్ళ ఇంట్లో ఎద్దు తాడు పట్టుకునేది పెళ్ళికూతురి అన్న. ఎద్దు దిగాక తాడు పట్టినవాడి మెడ మీద ఆఖరి ఏడుపు. అది కాగానే అతను చెంబుతో నీళ్ళు తాగిస్తాడు. ఆ నీళ్ళు తాగితేనే పిల్ల తండా వదిలి పోయినట్టు లెక్క.

ముప్పై ఏళ్ళ కిందట లాలి పెళ్ళి జరిగింది. అన్న భోజ్యా ఆమెకంటే మూడేళ్ళు పెద్ద. ఎద్దు పేరు ధోళ్యా, పాలలా తెల్లటిది. లాలి చిన్నప్పటి నుంచి దాని మీదెక్కే మేపుకు పోయింది. ఎక్కి నిలబడి, కాలి బొటనవేలితో మూపు పక్కన రెండుసార్లు నొక్కితే చాలు, అది చేనికి దారి తీసేది. పెళ్ళి నాడు కూడా కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, చేతులు పైకెత్తి, అలవాటు కొద్దీ ఆ పిల్ల రెండుసార్లు నొక్కింది. ధోళ్యాకు పెళ్ళేమిటి, పేరంటమేమిటి! అది చేనికి నడిచింది. పెళ్ళికూతురు మూపురం పట్టుకుని కూలబడింది. వెనక బ్యాండువాళ్ళు, పెళ్ళికొడుకు, తండా నాయక్, అందరూ పరుగు. పత్తి చేను నడుమ ఎద్దు ఆగి తాపీగా ఆకులు నమలడం మొదలుపెట్టేసరికి లాలికి నవ్వాగలేదు. మగపెళ్ళివారి జీపు చేను గట్టుకే వచ్చింది. నవ్వుతూనే ఎక్కింది. అన్న మెడ పట్టుకుని ఏడ్చిందీ లేదు, అన్న చేతి నీళ్ళు తాగిందీ లేదు.

జరిగింది ఇంతే. లాలి చెప్పేది మాత్రం వేరు. "మా అన్నకు తాడిచ్చిండ్రు. గట్టిగ పట్టుకో బిడ్డా అన్నరు. గప్పుడే బ్యాండోడు కొత్త బాజా ఊదిండు. మా అన్న గిట్ల నోరు తెరిసిండు. ఈగ లోపటికి పోయింది. అంత తిరిగి చూసింది. మంచిగ లేదని ఎల్లొచ్చింది. మా అన్నకు సోయే లేదు. తాడు కింద, ఎద్దు చేన్ల, పెండ్లి గట్టు మీద, అన్న బాజాల!" అని, నోరు తెరిచి నిలబడ్డ భోజ్యాను నటించి చూపిస్తే పందిళ్ళు ఊగిపోయేవి. ఆ కథ లాలి కంటే ముందు ఊళ్ళు తిరిగింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. లాలి రచ్చ గెలిచింది. ఇంటి సంగతి అడక్కండి. ముప్పై ఏళ్ళుగా భోజ్యా పండగకు వచ్చిన చెల్లెలి చేతిలో చీర పెట్టి, "మంచిదేనా" అని అడిగి, జవాబు వినకుండా దొడ్లోకి వెళ్ళిపోతాడు. అంతకు మించి మాట లేదు.

ఇప్పుడు ఆ కల. హాస్టల్ వంటగదిలో, వంకాయలు తరిగిన చాట ముందు పెట్టుకుని, మధ్యాహ్నం గోడకు ఆనుకోగానే వస్తుంది. ధోళ్యా నడుస్తూ ఉంటుంది. లాలి దాని మీద నిలబడి ఉంటుంది, కాళ్ళ కింద ఎద్దు వెన్ను వెచ్చగా కదులుతూ ఉంటుంది. జనగామ పత్తి మార్కెట్ యార్డులోంచి, తూకాల మధ్య నుంచి, ఎవరూ తలెత్తి చూడకుండానే దాటిపోతారు. గాలి నిండా దూది పింజలు. రైలు వంతెన ఎక్కుతారు, కింద పట్టాలు మెరుస్తుంటాయి. అవతల చేను ఉండాలి. కానీ మళ్ళీ మార్కెట్ వస్తుంది, మళ్ళీ వంతెన వస్తుంది. వెనక ఎవరో నడిచి వస్తున్న అడుగుల చప్పుడు. తాడు నేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. లాలి వెనక్కి తిరిగి చూడదు. చూడాలని ఉంటుంది, మెడ తిరగదు.

ఫాల్గుణంలో ఒక మధ్యాహ్నం ఆ కల మధ్యలో ధోళ్యా మెడలో గంట అదే పనిగా మోగింది. లేచి చూస్తే ఫోన్. భోజ్యా కూతురు సంగీత.

సంగీత భూపాలపల్లిలో పోలీసు కానిస్టేబుల్. చిట్యాల పక్క తండా అబ్బాయి కృష్ణతో పెళ్ళి కుదిరింది. వాళ్ళు మాట్లాడుకున్నది వాళ్ళ ఇంటి భాషలో. చదివేవాళ్ళ కోసం తెలుగులో చెప్పుకోక తప్పదు.

"అత్తా, నాకు ఏడ్వ రాదు" అంది సంగీత.

"గదేం బీమారే?"

"ట్రైనింగుల ఏడిస్తే ఇంకో రెండు రౌండ్లు ఉరికిచ్చేటోల్లు. గట్ల అలవాటు పోయింది. మా తండాల ఢావ్లో వచ్చినోల్లు లేరు. చాందీ అవ్వకు గొంతు పోయింది. డీజే పెట్టుకుంటే సాలదా అంటున్నరు. నాకు మాత్రం ఏడ్సే పోవాలని ఉన్నది. నువ్వొచ్చి నేర్పియ్యాలె."

"నీకు ఏడుపు రాదు, నాకు నవ్వు రాదు. మంచి జోడే కుదిరింది" అంది లాలి. సంగీత నవ్వింది. నవ్వాగాక గొంతు తగ్గించింది.

"అత్తా, బాపు ఒక్క మాట చెప్పుమన్నడు. ఎద్దు కథ చెప్పొద్దట. పందిట్ల ఆ కథ వినబడ్డదంటే ఇగ మా గడప తొక్కొద్దన్నడు."

లాలి సరేనంది. సరేనన్నాక ఒళ్ళంతా వేడెక్కింది. అది వయసు వేడో, సిగ్గు వేడో ఆమెకే తెలియలేదు. సాయంత్రం సోమ్లాకు చెబితే, అతను తలగుడ్డ విప్పి పత్తి దులుపుకుంటూ, "నిన్ను పిలిచి ఆ కథ వద్దన్నడంటే, ఉప్పెయ్యకుంట వంట చెయ్యుమన్నట్టేనాయె" అన్నాడు. తర్వాత ఆమె ముఖం చూసి, తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ, "పోయి రా. పుట్టింటి గడప పోగొట్టుకునే వయసు కాదు మనది" అన్నాడు మెల్లగా.

పెళ్ళికి మూడు రోజుల ముందు రైలెక్కింది. కాజీపేట దాటాక కిటికీ పక్కన చోటు దొరికింది. బయట మోదుగులు విరగబూసి ఉన్నాయి. అక్కడక్కడా ఆరబోసిన మిరపకాయలతో కళ్ళాలు ఎర్రగా పరుచుకుని, రైలుతో పాటే తిరుగుతున్నట్టున్నాయి. లాలి కళ్ళు మూసిందో, తెరిచే ఉంచిందో. పట్టాల పక్కన ధోళ్యా నడుస్తూనే ఉంది, రైలుకు ఏమాత్రం వెనకబడకుండా. ఎద్దు చచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. చచ్చినవాటికి అలసట ఉండదు కాబోలనుకుంది.

తండా చేరేసరికి భోజ్యా కళ్ళంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. యాభై ఒకటి దాటాయి. జుట్టు సగం పైన నెరిసింది. ధోళ్యా పోయాక మళ్ళీ ఎద్దుల జోలికి పోలేదు. ట్రాక్టర్ కొన్నాడు. చెల్లెల్ని చూసి పార ఆపాడు.

"వచ్చినవా. మంచిదేనా" అన్నాడు. పార మళ్ళీ కదిలింది.

"భియా" అంది లాలి. వాళ్ళ భాషలో అన్నను అలాగే పిలుస్తారు. ఎంత పెద్ద పందిట్లోనైనా తడుముకోని నోరు, అన్న ముందు పాఠం అప్పజెప్పలేని పిల్ల నోరైంది.

కళ్ళం పక్కనే రేకుల నీడలో పాఠం మొదలైంది. మిరప ఘాటుకు కూలీలు, కోళ్ళు, దారిన పోయే పాలవాడు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు. పెళ్ళికూతురి కంట మాత్రం చుక్క లేదు. తల్లి మెడ పట్టుకున్నట్టు ఊహించుకుని పాడమంటే, "నన్ను కన్న తల్లివైన నీవు, నన్ను ఇరువదియారు సంవత్సరాలు పెంచినందులకు" అని మొదలుపెట్టింది.

"గిది ఏడుపా, కేసు రాసుడా?" అంది లాలి. "ఇగో బిడ్డా, పెద్ద పెద్ద మాటలు ఎతుకకు. ఢావ్లోకు రాసిపెట్టిన పాట ఉండది. ఎవల మెడ పడితే వాల్ల కాడ ఏం వాసనొస్తదో గాడ మొదలువెట్టు. నన్ను గన్న మా యాడి కాడ జొన్నపిండి వాసనొచ్చేది. జొన్నపిండీ, నన్ను మర్సిపోతవా అన్న. అంతే, మిగిలినదంత దానెంబడి అదే వచ్చింది. మాటను నువ్వు ఈడ్వద్దు. అది నడిస్తే నువ్వు ఎంబడి నడువాలె."

సంగీత తల ఊపి అడిగింది. "బాపు కాడ ఏం వాసనొస్తదత్తా?"

లాలి మిరపకాయ ఒకటి చేతిలోకి తీసుకుంది. లోకంలో అందరి గురించీ మాట పుట్టించగల మనిషికి సొంత అన్న దగ్గర ఏ వాసన వస్తుందో తెలియదు.

"బాపు ఎవ్వరినీ దగ్గరికి రానియ్యడు" అంది సంగీత. కానిస్టేబుల్ కదా, దాచకుండా చెప్పేసింది. తండా పంచాయతీ అయినప్పుడు భోజ్యా సర్పంచ్‌కు నిలబడ్డాడు. పోలింగ్ ముందు రోజు ఎవరో ఇంటి గడపకు పలుపుతాడు కట్టి పోయారు. ఎద్దు తాడే పట్టలేనివాడు తండానేం పట్టుకుంటాడని పిల్లల చేత అరిపించారు. పదకొండు ఓట్లతో ఓడిపోయాడు. "అమ్మకు సంబంధం చూసినప్పుడు గూడ, తాడిడ్సిన భోజ్యా అంటే గీ పిలగాడేనా అని అడిగిండ్రట. నువ్వు నవ్విచ్చి పోతవత్తా. ఆ నవ్వు గీడనే ఉంటది. మేం ఉంటం దాంతోని."

లాలి చేతిలోని మిరపకాయ తొడిమ తుంచుతూ తుంచుతూ కాయనంతా పొడి చేసింది. ఆ చేత్తోనే ముఖం తుడుచుకుంది. కళ్ళు భగ్గుమన్నాయి. చాందీ అవ్వ నీళ్ళ చెంబు పట్టుకొచ్చి కళ్ళు కడిగింది. ఎనభై ఏళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళ కిందట లాలికి ఢావ్లో నేర్పింది ఆమే. పోయిన గొంతుతో చెవి దగ్గర గొణిగింది.

"ఆ పొద్దు అందరం కిందున్నం. నువ్వొక్కదానివే మీదున్నవ్. మాకు కనబడనిది నీకు కనబడి ఉంటది. ఏం కనబడ్డదే?"

కనబడింది. ఆ సంగతి లాలి సోమ్లాకు కూడా చెప్పలేదు.

ఎద్దు కదిలే ముందు, చేతులు పైకెత్తి, ఆమె కిందికి చూసింది. భోజ్యా బాజా చూడ్డం లేదు. ఈగా లేదు, దోమా లేదు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని, రెండు చేతులతో అదిమి పట్టి, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడుస్తున్నాడు. తాడు ఎప్పుడో జారి కాళ్ళ దగ్గర పడి ఉంది. ఆ అన్నను చూసి లాలికి దుఃఖం పొంగింది. సరిగ్గా అప్పుడే, ఆ కంగారులోనే, బొటనవేలు రెండుసార్లు నొక్కింది.

నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్నీ నమ్మొద్దని సామెత ఒకటి ఉంది. కట్టినవాడు ఎవడో గాని, వాడింట్లో పెళ్ళి జరిగి ఉండదు. ఆ రోజు నాయక్ అందరి ముందూ తాడెట్లా వదిలావని గద్దిస్తుంటే భోజ్యా నోరు విప్పలేదు. జీపులోంచి లాలి అరిచింది, బాజా చూసుకుంట ఇడ్సిండని. ఇరవయ్యొక్కేళ్ళ మగపిల్లాడికి ఏడ్చాడన్న పేరు కంటే నోరు తెరిచాడన్న పేరే నయమనుకుంది. అన్నను కాపాడాననే అనుకుంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు తియ్యగా ఉంది. తర్వాత తర్వాత కాపాడ్డం మర్చిపోయింది, నవ్వే మిగిలింది. ఒక్కో పందిట్లో ఒక్కో ముక్క చేరింది. ఈగ చేరింది కూడా ఘనపూర్ దగ్గర ఎవరి పెళ్ళిలోనో.

పెళ్ళి నాడు ఎండ వాలే వేళకు అప్పగింతలు మొదలయ్యాయి. డీజే ఆపించారు. ఆపగానే తండా అంతా ఎక్కడో నీళ్ళ అడుగున ఉన్నట్టు నిశ్శబ్దమైంది. మిరప కళ్ళాల మీదుగా వచ్చే వెలుతురు ముఖాలన్నిటినీ ఎర్రగా చేసింది. పక్క ఊరి నుంచి అడిగి తెచ్చిన ఎద్దు ఒకటి, కొమ్ములకు రంగు కాగితాలతో, వేపచెట్టు కింద నిలబడి ఉంది. సంగీతకు అన్నదమ్ములు లేరు. తండ్రి తాడు పట్టాలి. భోజ్యా పట్టనన్నాడు. ఎద్దు తెచ్చిన ఎల్లస్వామే పట్టుకుని ఉన్నాడు.

సంగీత వెళ్ళి తల్లి మెడ పట్టుకుంది. భుజానికి ముక్కు ఆనించి వాసన చూసింది. తర్వాత, "సంతూరు సబ్బూ" అంది సన్నగా. వెనకున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సంతూరు సబ్బూ, నేను లేకుంటే సగం ముక్క ఎవలకిస్తవే" అని రాగం కలిసింది. తల్లి గొల్లుమంది. పెళ్ళికూతురు కూడా. లాలి ఊపిరి పీల్చుకుంది. పిన్ని అయింది, చాందీ అవ్వ అయింది. తండ్రి దగ్గరికి వచ్చేసరికి పిల్ల నిలబడిపోయింది. భోజ్యా గుంజలా నిలుచున్నాడు. సంగీత చేతులు సగం లేచి ఆగాయి. మాట రాలేదు. ఎంతకీ రాలేదు.

ఆ మౌనం మగపెళ్ళివారికి ఇరుకైంది. చిట్యాల నుంచి వచ్చినవాళ్ళలో ఎవరో హుషారుగా అరిచారు. "ఓ లాలక్కా! ఏడుపులు సాలు, జర ఎద్దు కథ చెప్పరాదు!"

"చెప్పాలె, చెప్పాలె!" అని నలుగురు అందుకున్నారు.

భోజ్యా చెల్లెలి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే లాలికి సులువయ్యేది. ఎప్పుడో తగలబోయే దెబ్బ కోసం ముందే భుజం వంచుకున్న మనిషి చూపు అది. తిరిగి ఇంటి వైపు అడుగు వేశాడు.

లాలికి ఏ మాటా సిద్ధంగా లేదు. మూడు రోజులుగా వెతికినా దొరకలేదు. చెప్పకపోతే గడప నిలుస్తుంది, అన్న మాత్రం ఇలాగే వెళ్ళిపోతాడు. చెబితే గడప పోతుంది. ఆమె జనంలోంచి నడిచి వెళ్ళి, వెనక నుంచి అన్న భుజం పట్టి తిప్పి, మెడ చుట్టూ రెండు చేతులూ వేసింది. జన్మలో మొదటిసారి. మిరప ఘాటు, డీజిలు. వాటి కింద, భుజం మీది తువ్వాలు తడి వాసన.

కాసేపటి కిందటే ఎక్కడో దాక్కుని ఏడ్చి వచ్చాడు.

"తడి తువ్వాలా" అంది లాలి. గొంతు తనంతట తానే రాగంలోకి నడిచింది.

"తడి తువ్వాలా, ముప్పై ఏండ్ల సంది ఆరలేదా నువ్వు?
బాజా చూసినవని చెప్పిన భియా, బాజా నువ్వు చూడలే.
నోరు తెరిసినవని చెప్పిన భియా, నోరు నువ్వు తెరువలే."

ఎద్దు కథేనని పోల్చుకుని కొందరు నవ్వడానికి తయారయ్యారు. ఒకరిద్దరు నవ్వారు కూడా. భోజ్యా ఒళ్ళు కట్టెలా బిగిసింది. లాలి వదల్లేదు.

"రెండు చేతుల తువ్వాల వట్టి నా కోసం ఏడుస్తివి.
దేవుడిచ్చినయి రెండే చేతులాయె, తాడు ఏ చేత వడ్తవు?
ధోళ్యాను నొక్కిన వేలు నాది, పోయిన పేరు నీది.
ఈగ నీ నోట్లకు పోలే భియా, ఈగ నా నోట్ల ఉండె.
ముప్పై ఏండ్లు గుయ్యిమన్నది, పందిరి పందిరి తిరిగింది.
ఇయ్యాల ఉమ్మేస్తున్న భియా, నన్ను ఇడ్సి పెట్టకు."

అక్కడ గొంతు తెగింది. పాట కాదు, ఇక ఉట్టి ఏడుపే. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళీడు కొడుకున్న తల్లి, పెళ్ళికూతురిలా ఏడ్చింది. నవ్వడానికి తెరుచుకున్న నోళ్ళు అలాగే ఉన్నాయి. ఎద్దు కథ అడిగినతను తలవంచుకుని చెప్పు కొనతో మట్టి గీస్తున్నాడు.

భోజ్యా ఆమె చేతులు మెడ మీద నుంచి తీసేశాడు. ఇంట్లోకి వెళ్ళాడు. లాలి అక్కడే నిలబడింది. పోయిందనుకుంది, అన్నీ పోయాయనుకుంది. ఇంతలో అతను చెంబుతో బయటికి వచ్చాడు. కూతురి కోసమని అంతా దారి ఇచ్చారు. అతను లాలి ముందు ఆగాడు.

"ముందు పెద్దది పోవాలె గద" అన్నాడు. "అది పోయినంకనే చిన్నది."

లాలి దోసిలి పట్టింది. నీళ్ళు సగం వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. మిగిలినవి తాగింది. చల్లగా ఉన్నాయి.

"తాగినవ్. ఇగ పోయినట్టే" అన్నాడు భోజ్యా. "పోయినోల్లే గదా మల్ల వచ్చేది. పండుగకు రా."

తర్వాత వేపచెట్టు కిందికి నడిచి ఎల్లస్వామి ముందు చెయ్యి చాపాడు. ఎల్లస్వామి తాడు అతని చేతిలో పెట్టాడు. భోజ్యా దాన్ని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. రెండో చేత్తో, పక్కకు వచ్చిన చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సంగీతను ఎద్దు మీదికి ఎక్కించారు.

"ఎద్దు నడిస్తే ఎట్ల బాపూ?" అంది పిల్ల పై నుంచి, భయంగా.

"నడిస్తే నేను గూడ నడుస్త."

సంగీత రెండు చేతులూ పైకెత్తింది. అక్కడి నుంచి తండ్రి ముఖం చూసింది. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో చెల్లెలు. తువ్వాలు భుజం మీదే ఉంది. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. కళ్ళ నీళ్ళు బుగ్గల మీదుగా నెరిసిన గడ్డంలోకి, అందరూ చూస్తుండగా, ధారగా కారిపోతున్నాయి. అది చూడగానే పిల్ల గొంతు తెరుచుకుంది. "తడి తువ్వాలా" అని అత్త అందించిన మాటతోనే మొదలుపెట్టింది. తర్వాతి మాటలు ఆమె సొంతం.

ఎద్దు తోక ఆడిస్తూ నిలబడింది. వాలే ఎండలో అది తెల్లగా ఉందో, ఎర్రగా ఉందో లాలికి తెలియలేదు. వెనక అడుగుల చప్పుడు వినిపించినట్టయి మెడ తిప్పి చూసింది. మెడ తిరిగింది. వెనక ఎవరూ లేరు. రావాల్సినవాడు పక్కనే ఉన్నాడు.

"ఏందిరా భోజ్యా, ఏడుస్తున్నవా?" అని అడిగింది చాందీ అవ్వ, ఉన్న కాస్త గొంతుతో, నలుగురూ వినేలా.

భోజ్యా చెల్లెలి వైపు ఓరగా చూశాడు.

"లేదవ్వా" అన్నాడు. "బాజా చూస్తున్న."

లాలికి నవ్వొచ్చింది. ఎన్ని నెలల తర్వాతో వచ్చింది, కడుపులోంచి, ఆపుకోలేనంతగా. ఆ నవ్వుతోనే, ఖాళీగా ఉన్న చేత్తో కొంగు తీసి అన్న ముఖం తుడిచింది.